కొత్త రికార్డులు సున్నా

నవంబర్ 3, సోమవారం

సత్యరాజు గారు ఇవాళ నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేయమన్నారు. ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఊడలేదు, నెత్తిన కొత్త పని పడింది. మత్స్యకారుల సంఘం పని మొత్తం నా ఒక్కదానికే అప్పగించారు.

రాంబిల్లి వైపు ఊళ్ళలో సంఘం వాళ్ళు బోట్లకి డబ్బాలు బిగించారు. బోటు సముద్రంలో ఎక్కడుందో ఆ డబ్బా చెబుతూ ఉంటుంది. గాలివాన వచ్చేముందు కుయ్యిమని మోగి హెచ్చరిస్తుంది కూడా. బోట్లు ఎక్కడున్నాయన్న లెక్కంతా డబ్బాలమ్మిన కంపెనీ సర్వర్‌లో పడి ఉంటుంది. దాన్ని ఏపీఐ అనే దారిలో మా ప్లాట్‌ఫామ్‌లోకి తెచ్చి, మ్యాపు మీద చుక్కలుగా చూపించాలి. "ఇది బాగా చేసేవనుకో, నిన్ను పర్మనెంటు చెయ్యమని నేనే పైకి రాత్తాను దివ్యా" అన్నారు.

ఆ బోట్లలో ఒకటి మా బావది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే నా తెలివి చూసి ఇచ్చిన పని కాస్తా చుట్టరికం పని అయిపోతుంది.

నవంబర్ 4

ఆ లెక్క వచ్చే సోర్స్‌కి పేరు పెట్టాను. అడ్రస్ రాశాను. కంపెనీ వాళ్ళు తాళంచెవిలా పంపిన టోకెన్ అతికించాను. టెస్ట్ నొక్కాను. ఎర్రగా వచ్చింది, అనుమతి లేదట. మళ్ళీ నొక్కాను. లేదట. అన్నం కూడా తినకుండా ఆ కంపెనీని, దాన్ని పెట్టిన ముహూర్తాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. చివరికి చూస్తే టోకెన్ తోక దగ్గర ఒక ఖాళీ అతుక్కుని వచ్చింది. తప్పు నాదే. తిట్లు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నవంబర్ 6

వచ్చింది!

వంద వరసలు ఇచ్చి ఊరుకుంది. రెండో పేజీ కావాలంటే మళ్ళీ మనమే అడగాలట. అడగందే అమ్మయినా పెట్టదు. అడగడం నేర్పించాను. ఇక పావుగంటకోసారి తనే వెళ్ళి, కిందటిసారి ఎంతవరకు తెచ్చిందో గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత వచ్చినవే తెస్తుంది. తెచ్చాక "సింక్ సక్సెస్" అని రాసి, కింద ఎన్ని కొత్త రికార్డులో రాస్తుంది.

సత్యరాజు గారు నా కుర్చీ వెనక నిలబడి చాలాసేపు చుక్కల్ని చూశారు. బజ్జీలు తెప్పించారు. ఇరవై ఏడో నంబరు చుక్క బావది. ఒడ్డునే ఉంది. అంటే ఇంట్లో పడుకుని గురక పెడుతున్నాడన్నమాట.

నవంబర్ 9, ఆదివారం

ఊరెళ్ళి వచ్చాను. అప్ప పులస దొరికినంత సంబరపడింది నన్ను చూసి. నేను అక్క అంటే పైడితల్లికి కోపం, అప్ప అనే పిలవాలి. అమ్మ పోయాక నన్ను పెంచింది అదే. చదివించింది బావ. బావ పేరు తాతబ్బాయి గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు బ్యాంకులో తప్ప ఎక్కడా లేరు.

అన్నాలయ్యాక ఫోనులో మ్యాపు తెరిచి బావకి చూపించాను.

"ఇదెవుల్దే?"

"నీదే బావా. ఇది అప్పలరాజు మామది."

"అంటే నానేడకెల్లినా నీకు కనబడిపోతాను."

"నాకొక్కదానికేటి. సంఘంలో ఫోనున్న అందరికీ. అందరివీ అందరికీ కనబడతాయి. అదే కదా దీని గొప్ప."

"అప్పలరాజు మామకి కూడానా?"

"ఆయనకీ."

బావ ఫోను అప్ప వైపు తిప్పి, "సూడే, మీ సెల్లి నా గురించి ఊరందరికీ ఉప్పందించేత్తంది" అన్నాడు. అప్ప నవ్వింది. నేనూ నవ్వాను.

గాలి వచ్చేముందు డబ్బా కుయ్యిమంటుంది, అప్పుడు మారుమాట్లాడకుండా వెనక్కి రావాలి అని గట్టిగా చెప్పాను. "మా నాన్నకి ఏ డబ్బా సెప్పింది? కొండ సూసుకునెల్లేడు, మబ్బు సూసుకునొచ్చేడు" అన్నాడు. వాళ్ళ నాన్న బావ ఒక్కడికే చూపించిన చోటు ఒకటుంది. ఒడ్డు మీది రెండు కొండలు ఒకదాని వెనక ఒకటి సరిగ్గా నిలబడేదాకా వెళ్ళి అక్కడ వల దింపుతాడు. ఏ రెండు కొండలో అప్పకు కూడా చెప్పలేదు. ఆ ఊళ్ళో ప్రతి బోటువాడికీ అలాంటి చోటు ఒకటి ఉంటుంది. ఎవరూ ఎవరినీ అడగరు.

అప్ప ఎండుచేపలు మూటకట్టి ఇచ్చింది. బస్సులో అందరూ నన్నే చూశారు.

నవంబర్ 12

సంఘం వాళ్ళొచ్చి చూసి వెళ్ళారు. బాగుందన్నారు. బాగుంది కూడా.

నవంబర్ 14

వాయుగుండం అని పొద్దున్న హెచ్చరిక వచ్చింది. డబ్బాలు మోగి ఉంటాయి. మ్యాపు మీద చుక్కలన్నీ ఒక్కొక్కటే ఒడ్డు వైపు తిరగడం నా కళ్ళతో చూశాను. ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. ఇన్నాళ్ళు ఎవరికి పనికొస్తుందో తెలియని పనులే చేశాను.

అప్ప ఫోన్ చేసింది. బావ, అదే బోటులో ఇంకో ఇద్దరు నిన్న పొద్దున్న వెళ్ళారట, ఇంకా రాలేదట. చూశాను. ఇరవై ఏడు ఒడ్డుకి దగ్గరగానే ఉంది. "కంగారేటి నేదప్పా, ఒడ్డుకి దగ్గరగానే ఉన్నాడు. నాకు కనబడతన్నాడు" అని చెప్పాను. "ఐతే అన్నం వండుతాను" అంది.

నవంబర్ 15

నేనుండే గవరపాలెంలో కరెంటు లేదు. రేకులు ఎగిరిపోతాయేమో అన్నంత గాలి. ఆఫీసులో ఇన్వర్టర్ ఉందని తడుస్తూ వెళ్ళాను. ఇరవై ఏడు అక్కడే ఉంది. ఒడ్డుకి దగ్గరగానే.

ఇంత గాలిలో చుక్క కదలకుండా ఎలా ఉంది?

నవంబర్ 16

చుక్క మీద వేలు పెడితే టైము కనిపిస్తుంది. అలా కనిపించేలా పెట్టింది నేనే. ఇవాళ వేలు పెట్టాను. 13వ తేదీ, పొద్దున్న. ఆ తర్వాత ఇరవై ఏడు నుంచి ఒక్క రికార్డు కూడా లేదు. మ్యాపు పాత చుక్కనే చూపిస్తూ ఉంది. నేను దాన్నే చూసి అప్పకు చెప్పాను.

అన్ని బోట్లూ వచ్చేశాయి. అదొక్కటే రాలేదు.

నవంబర్ 17

దొరికింది. టైము తేడా. కంపెనీ సర్వర్ టైము వేరు, మన టైము వేరు, మధ్య అయిదున్నర గంటలు. ఆలస్యంగా అందిన రికార్డుల్ని పాతవనుకుని ప్లాట్‌ఫామ్ వదిలేస్తున్నట్టుంది. ఇంత చిన్న తప్పు ముందే చూసుకోనందుకు నన్ను చెప్పుతో కొట్టాలి. అప్పకు ఫోన్ చేసి చెప్పాను: "ఇక్కడ నా సెట్టింగులో తప్పుందప్పా. సరిసేత్తన్నాను. బావ లెక్క వచ్చే ఉంటాది, నాకే అందలేదు."

"తొందరగా సెయ్యే" అంది.

సాయంత్రం. సరిచేశాను. మొత్తం మొదటినుంచి మళ్ళీ తెప్పించాను. సింక్ సక్సెస్. ఇరవై ఏడు: కొత్త రికార్డులు సున్నా.

నవంబర్ 18

పేజీల్లో తప్పేమో. ఆఖరి పేజీ వదిలేస్తోందేమో. వదలడం లేదు. సున్నా.

వెతకడానికి హెలికాప్టర్ తిరిగిందట. అప్ప పొద్దున్నే ఫోన్ చేసి "ఏటే, బాగయిందా?" అంది. ఇంకా లేదన్నాను.

నవంబర్ 19

సక్సెస్. సున్నా.

"ఏటే, బాగయిందా?"

నవంబర్ 20

ఊరెళ్ళాను. అప్ప గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి, "నువ్వొచ్చేవేటి, అక్కడ మిషను ఎవులు సూత్తారు?" అని కసిరింది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

ఒడ్డుకి వెళ్తే అప్పలరాజు మామ బోటు నీడలో ఒక్కడూ కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చోమన్నాడు. చాలాసేపు ఇసక గీసి, అప్పుడు చెప్పాడు.

"నీకొకటి సెప్తాను. మీ అప్పకి సెప్పకు. ఆ రోజు మేమూ ఆల్లూ ఒక్కసారే ఎల్లేం. కొంచెం దూరం పోయేక మీ బావ నా ఎదరే ఆ డబ్బా వైరు పీకేసేడు. 'మా నాన్న సూపించిన సోటు నీ ఫోన్లోకి రానిత్తాననుకున్నావేటి మామా' అనీసి నవ్వేడు. నానూ నవ్వేను. నానైనా అదే సేద్దునేమో."

మామ బోటుకి బిగించిన డబ్బా వైపు చూశాను.

"మాకు కుయ్యిమంటే తిరిగొచ్చేసేం. వైరు పీకేసినోడికి కుయ్యిమనదు కదమ్మా" అన్నాడు.

బావ బోటులో వెళ్ళిన ఇద్దరిలో ఒకడి తల్లి, అప్పలకొండమ్మ, దారిలో నా చెయ్యి పట్టుకుంది. "మావోడు ఏ పక్కనున్నాడో నీ ఫోన్లో సూత్తావేటమ్మా" అంది. తెరిచి చూపించాను. ఒడ్డుకి దగ్గరగా ఇరవై ఏడు. ఆ చుక్కని ముద్దు పెట్టుకుంది. ఆపలేకపోయాను.

నవంబర్ 21

అందరివీ అందరికీ కనబడతాయి, అదే కదా దీని గొప్ప. ఈ మాట అన్నది నేను. అన్నం తింటూ, గొప్పగా, అప్పలరాజు మామ పేరు చెప్పి మరీ అన్నాను. ఆ ఊళ్ళో పుట్టినదాన్ని. చేప దొరికే చోటు ఎవరికీ చెప్పరని నాకు తెలియనిదా? బడికి వెళ్ళకముందు నుంచీ తెలుసు. సోర్స్ పెట్టేటప్పుడు ఎవరికి ఏది కనబడాలి అని ఒక గడి ఉంటుంది. "అందరికీ" అని టిక్కు పెట్టి ముందుకెళ్ళిపోయాను. ఆ గడి దగ్గర ఒక్క నిమిషం ఆగలేదు.

ఆగినా బావ వైరు పీకేవాడేమో. అలా కూడా అనుకుంటున్నాను. అనుకుంటే కాసేపు బాగుంటోంది.

నవంబర్ 22

గాలి మొదలయ్యాక మళ్ళీ పెట్టి ఉంటాడు వైరు. బావ మొండివాడు గానీ మూర్ఖుడు కాడు. పక్కన ఇద్దరు ఉన్నారు, వాళ్ళయినా చెప్పి ఉంటారు. పెట్టి ఉంటే డబ్బా మాట్లాడి ఉంటుంది. మాట్లాడితే కంపెనీ సర్వర్‌లో ఉండే ఉంటుంది. ఉంటే నాకెందుకు రాలేదు? అంటే తప్పు నా వైపే ఉంది. తప్పు నాదే అయి ఉండాలి. నూకాలమ్మ తల్లీ, తప్పు నాదే చెయ్యి.

సోర్స్ తీసేసి కొత్తది పెట్టాను. మొదటి నుంచి, అక్షరం అక్షరం చూసుకుంటూ.

సక్సెస్. సున్నా.

నవంబర్ 24

అప్ప అనకాపల్లి వచ్చింది. నాకు చెప్పకుండా బస్సెక్కి, దారి అడుగుతూ ఆఫీసుకొచ్చి, నా వైపు చూడకుండా తిన్నగా సత్యరాజు గారి గదిలోకి వెళ్ళింది. నేను వెనకాలే పరుగెత్తాను.

"మా సెల్లికి ఈ పని సరీగ్గా రాదు బాబూ" అంది. "డిగ్రీలో కూడా ఒక పరీచ్చ తప్పింది. మా ఆయన లెక్క అందులో ఉందట, ఇది తియ్యలేకపోతంది. మీరు పెద్దోలు. మీరొక్కసారి సూడండి."

ఆయన నా వైపు చూశారు. ఇరవై ఏడు మా బావదని ఆయనకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ నేను ఎందుకలా కూర్చుంటున్నానో కూడా అర్థమైంది. ఒక్క ప్రశ్న వేయలేదు. "అలాగేనమ్మా, చూత్తాను" అని లేచి వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. ఊరికే చూసినట్టు నటించలేదు. అడ్రస్, టోకెన్, పేజీలు, టైము, అన్నీ నిజంగానే చూశారు. అప్ప ఆయన భుజం మీంచి స్క్రీన్‌లోకి చూస్తూ నిలబడింది. దానికి చదువు రాదు. ఆకుపచ్చగా వచ్చిన ప్రతిసారీ "వచ్చిందా బాబూ?" అని అడిగింది.

చివరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "కంపెనీ వాళ్ళకి రాద్దామమ్మా. వాళ్ళ దగ్గరేమైనా ఉంటే పంపుతారు" అన్నారు.

అప్పని ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కించాను. నాతో మాట్లాడలేదు. నాకు పని రాదని నిజంగా నమ్మింది. అది నమ్మినందుకు నాకు బాధ లేదు. అలాగే నమ్మాలి.

నవంబర్ 26

కంపెనీ నుంచి జవాబు వచ్చింది. ఇక్కడ దింపుకుంటున్నాను.

"మీ కనెక్షన్ పూర్తిగా పరిశీలించాము. ఎటువంటి లోపమూ లేదు. 13వ తేదీ ఉదయం తర్వాత సదరు పరికరం నుంచి మాకు సంకేతాలు అందలేదు. మీ సమస్య పరిష్కారమైనదని భావించి ఈ ఫిర్యాదును ముగిస్తున్నాము. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

అయిదూ ఇచ్చాను. వాళ్ళ తప్పేముంది.

నవంబర్ 27

ఎటువంటి లోపమూ లేదు.

"ఏటే, పెద్దోలు ఏటన్నారు?"

"సూత్తన్నారప్పా."

నవంబర్ 29

పెంటకోట దగ్గర ఐసు పెట్టె ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పక్కన తెల్ల పెయింటుతో 27 అని ఉందట. అప్పలరాజు మామ వెళ్ళి చూసి, బావదేనని చెప్పి తెచ్చాడు. అప్ప దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. "ఐసు పెట్టెలు ఎన్నుండవు" అందట.

డిసెంబర్ 1

పర్మనెంటు చేశారు. ఆర్డరు కాగితం సత్యరాజు గారే నా బల్ల దగ్గరికి తెచ్చి, ఏమీ అనకుండా కీబోర్డు పక్కన పెట్టి వెళ్ళారు. క్రిస్మస్ వస్తోందని ఆఫీసు గుమ్మానికి కాగితం నక్షత్రం కట్టించారు. సంఘం వాళ్ళు పక్క మండలం బోట్లు కూడా కలపమంటున్నారట. నేను కట్టింది బాగా పని చేస్తోందట.

"అందరికీ" గడి మార్చాను. ఇప్పుడు ఎవరి బోటు వాళ్ళకి, సంఘం ఆఫీసుకి మాత్రమే కనబడుతుంది. రెండు నిమిషాలు పట్టింది. రెండు నిమిషాల పని.

డిసెంబర్ 4

మిగతా ఇద్దరి ఇళ్ళలోనూ కార్యాలు అయిపోయాయి. అప్పలకొండమ్మ కొడుకు ఫోటోకి దండ వేసిందట. ఆ రోజు నా ఫోనుని ముద్దు పెట్టుకున్న మనిషి.

కులపెద్దలు అప్పతో మాట్లాడడానికి వస్తున్నారని, నన్నూ రమ్మని అప్పలరాజు మామ కబురు పెట్టాడు. ఇవాళ చెప్పేద్దామనే వెళ్ళాను. బస్సులో మాటలు కూడా పేర్చుకున్నాను. అప్పా, నా సెట్టింగులో ఏ తప్పూ లేదు. పెద్దవాళ్ళు చూశారు, కంపెనీ వాళ్ళు చూశారు. నేను సరిగ్గానే చేశాను. ఒక మనిషి తను పని సరిగ్గా చేశానని చెప్పడానికి ఇంత భయపడాలా?

పెద్దలు నలుగురు అరుగు మీద కూర్చున్నారు. కార్యానికి ఆదివారం మంచిదని, ఎన్నాళ్ళిలాగ ఉంచుతామని మెల్లగా మొదలుపెట్టారు. అప్ప గుమ్మంలోనే నిలబడి విన్నది. మొహం కడుక్కుని, బొట్టు పెద్దగా పెట్టుకుని ఉంది.

"మా సెల్లి కాడ మిషను ఇంకా బాగవలేదు బాబూ" అంది. "ఆయన లెక్క అందులో ఇరుక్కునుంది. అది రానీండి, అప్పుడు సూద్దాం."

పెద్దలు నా వైపు తిరిగారు. అప్పలరాజు మామ తల వంచుకున్నాడు. ఆయనకంతా తెలుసు.

"ఏటే, సెప్పు" అంది అప్ప. "బాగయిందా, నేదా?"

పేర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. అప్ప నా వైపు కసురుగా చూడడం లేదు. బతిమాలుతున్నట్టూ లేదు. చిన్నప్పుడు నా తల దువ్వుతూ కదలకు అనేది, అలా చూస్తోంది.

"బాగవలేదు" అన్నాను.

పెద్దలు టీ తాగి వెళ్ళిపోయారు.

డిసెంబర్ 5

ప్లాట్‌ఫామ్‌లో ఇంకో సోర్స్ పెట్టాను. దీనికి పేరు ఇరవై ఏడు. అదే అడ్రస్, అవే పేజీలు, అదే టైము. టోకెన్‌లో ఆఖరి అక్షరం తీసేశాను. మిగతా బోట్ల సోర్స్ జోలికి వెళ్ళలేదు, అది దాని పని చేసుకుంటోంది. ఇది రోజుకొకసారి పొద్దున్న వెళ్ళి అడుగుతుంది. ఎన్నిసార్లు వెళ్ళినా లోపలికి రానివ్వరు. సున్నా కూడా తేదు.

సత్యరాజు గారు అటుగా వెళ్తూ నా స్క్రీన్ చూశారు. ఎర్రగా ఉంది. ఆగి, పేరు చదివారు. తీసెయ్యమనలేదు.

డిసెంబర్ 6

పొద్దున్న ఫెయిల్ అయింది. అప్ప ఫోన్ వచ్చేసరికి స్క్రీన్ నా ఎదురుగానే ఉంది.

"ఏటే, బాగయిందా?"

"నేదప్పా. ఎర్రగానే వత్తంది." నవంబరు పదిహేడు తర్వాత అప్పకు నేను చెప్పిన మొదటి నిజం ఇది.

అటువైపు సముద్రం వినిపిస్తోంది, ఒడ్డున నిలబడి చేసినట్టుంది.

"తొందరేటి నేదులే" అంది. "నిదానంగా సెయ్యి. మరి పెద్దోల్ని ఎవుల్నీ అడక్కు."